మధ్యలో లేస్తే మళ్లీ మొదటికే

"ఫోను మీరు తీసేసుకుంటే, ఈలోపల మా అమ్మాయికి ఏమైనా అయితే నాకెలా తెలుస్తుంది?"

ప్రెస్సు గేటు దగ్గర డిటెక్టివ్ అడిగిన మొదటి ప్రశ్న హత్య గురించి కాదు, ఇది.

"మీ అమ్మాయికేం కాదు లెండి," అంటూ తనిఖీ చేసే ఆవిడ ఫోనును ప్లాస్టిక్ సంచిలో వేసి ముడి వేసింది.

"ఏమీ కాదు అన్నచోటే అన్నీ అవుతాయమ్మా. స్కూటరు మీద ఆఫీసుకు బయల్దేరింది. చేరగానే ఫోన్ చెయ్యమన్నాను. ఇంకా చెయ్యలేదు."

"ఎంతసేపైంది బయల్దేరి?"

"ఐదు నిమిషాలు."

తనిఖీ ఆవిడకు నవ్వొచ్చింది. నిన్నటి నుంచీ ఏడ్చి వాచిన కళ్లతో నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి తల దించుకుంది.

డిటెక్టివ్‌ను వెనకాల అందరూ 'భయాలమ్మ' అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పదో తరగతితో చదువు ఆగిపోయింది. పన్నెండేళ్లు ఆస్పత్రి వార్డులో ఆయాగా చేసి, తర్వాత ఈ ఆరా తీసే పనిలోకి వచ్చింది. చదువుకున్న డిటెక్టివ్‌లు ఆధారాలు చూసి ఏం జరిగిందో ఊహిస్తారు. ఈమె ముందుగా జరగగలిగిన ఘోరాలన్నీ ఊహించుకుంటుంది. తర్వాత ఒక్కొక్కటీ జరగలేదని నిర్ధారించుకుని ఊపిరి పీల్చుకుంటుంది. చివరికి ఏది కొట్టెయ్యడానికి వీలు కాదో అదే జరిగినట్టు లెక్క.

ఈ ప్రెస్సులో పరీక్షల ప్రశ్నపత్రాలు అచ్చవుతాయి. అచ్చు మొదలైన రోజు నుంచి పరీక్ష అయ్యేదాకా, తొమ్మిది రోజులు, లోపలివాళ్లు బయటికి రాకూడదు. తిండి, నిద్ర, పని అన్నీ లోపలే. లెక్కగదిలో పదకొండు మంది ఆడవాళ్లు కాగితాలు లెక్కపెట్టి, కట్టలు కట్టి, సీలు వేస్తారు. నిన్న, ఆరో రోజు పొద్దున, వాళ్లలో అందరికన్నా చిన్నది, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, బల్ల దగ్గర నుంచి లేచి గుమ్మం దాకా వెళ్లి కూలిపోయింది. పావుగంటలో ప్రాణం పోయింది. అంతకు ముందు తాగింది ఒక గ్లాసు టీ. ఆ టీ ఇచ్చిన ఆవిడ ఇప్పుడు పోలీసు స్టేషన్‌లో ఉంది.

"మా అమ్మ బొద్దింకను కూడా చీపురుతో బయటికి తోస్తుందండీ, చంపదు," అని ఆ టీ ఆవిడ కూతురు నిన్న సాయంత్రం డిటెక్టివ్ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. అందుకే ఆమె వచ్చింది. ప్రెస్సు యజమాని ఒక షరతు పెట్టాడు. పన్నెండున్నరకు భోజనం గంట కొట్టేలోపు ముగించుకుని వెళ్లాలి.

గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

లెక్కగది గుమ్మం పక్కన చెప్పుల అర. లోపల తిరగడానికి ప్రెస్సు వాళ్లే ఇచ్చిన రబ్బరు చెప్పులు, ఒక్కో జత మీద ఎర్ర రంగుతో ఒక నంబరు. గదిలోకి దుమ్ము పోకూడదని అక్కడ విప్పి వెళ్తారు. పదకొండో నంబరు జత పిచ్చుకది. డిటెక్టివ్ వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. కుడి చెప్పు మామూలుగానే ఉంది. ఎడమ చెప్పు పట్టీని కత్తిరించి, మధ్యలో కట్టలు కట్టే తెల్లదారంతో వదులుగా ముడేశారు.

"పిన్నిగారు వచ్చేశారా! బిల్డింగు ఖాళీ చెయ్యమంటారా, కాసేపాగుదామా?"

ఇన్‌స్పెక్టర్. వెనకే నిలబడి ఉన్నాడు. వయసులో చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా, తొందరెక్కువ. కిందటేడు ఒక కేసులో డిటెక్టివ్ గ్యాస్ లీకైందని గోలపెట్టి మూడంతస్తులు ఖాళీ చేయించింది. తీరా చూస్తే బీరువా వెనక చచ్చిన ఎలుక. ఆ ఎలుకను ఇన్‌స్పెక్టర్ ఇప్పటికీ మరిచిపోలేదు, ఎవర్నీ మరిచిపోనివ్వలేదు.

"ఎలుక చచ్చిన మాట నిజమే కదా బాబూ. ఏదో ఒకటి చచ్చిందని చెప్పాను," అందామె చెప్పు తిప్పి చూస్తూ.

"ఇక్కడ చచ్చింది ఎలుక కాదండీ. టైములు రాసుకోండి. పదింబావుకి టీ. పదీ ముప్ఫై అయిదుకి లేచింది. గుండె పట్టుకుంది, ఊపిరాడట్లేదంది, పడిపోయింది. పదీ యాభైకి పోయింది. టీకి, చావుకి మధ్య ముప్ఫై అయిదు నిమిషాలు. ఆ టీ ఇచ్చినావిడకీ, ఈ పిల్లకీ అయిదు రోజులుగా పడట్లేదు. ఇంకేం కావాలి?"

"పడకపోవడం దేనికి?"

"రోజూ టీ తిరగ్గొట్టేది. నిన్న ఆవిడ పట్టుబట్టి, తాగేదాకా నెత్తిన నిలబడింది. పది మంది సాక్షులు."

"ఒకటే కెటిల్‌లో టీ మిగతా పది మందీ తాగారుగా?"

"గ్లాసు వేరు కదండీ. గ్లాసు పరీక్షకు పంపాను. శవపరీక్ష ఈపాటికి జరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి మీ భయాలూ తీరిపోతాయి, నా కేసూ తేలిపోతుంది."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. ఇన్‌స్పెక్టర్‌ను చూడగానే బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్లు గభాల్న లేచి నిలబడ్డారు. బల్ల మొదట్లో కూర్చున్న పెద్దావిడ ఒక్కతే లేవలేదు.

"ఆవిణ్ణి వదిలెయ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి. "ఈ గదికి మేస్త్రీ. చచ్చిపోయిన పిల్లకు స్వంత పెద్దమ్మ, పెంచింది కూడా ఆవిడే. నిన్న పదీ యాభై నుంచీ నోరు తెరవలేదు. ఏడవలేదు కూడా. ఇంటికి పంపుదామంటే రూలు ఒప్పుకోదంటాడు యజమాని."

గదిలో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు, పిచ్చుక పిలిచేది కనక. నలభై అయిదేళ్లుంటాయి. చేతులు బల్ల మీద పెట్టుకుని ఎదుటి గోడ చూస్తోంది. ఆ గోడకు ఒక అట్ట వేలాడుతోంది: 'కట్ట మధ్యలో లేచినవారు మొదటి నుంచి లెక్కించవలెను.'

డిటెక్టివ్ ఆమె దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. భుజం ఎండిన కర్రలా ఉంది. చెయ్యి తీసేసింది.

పిచ్చుక కుర్చీ పెద్దమ్మకు ఎడమపక్కనే. డిటెక్టివ్ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మోకాళ్లు నొప్పెడుతున్నా నేల మీద కూర్చుని, బల్ల కిందికి తొంగిచూసింది. అక్కడ ఒక విడి రీము కాగితం కట్టుంది. పైకాగితం మీద మడమ దిగినంత మేర లొత్త. రోజుల తరబడి ఒక కాలు దాని మీద ఆనించి కూర్చుంటే తప్ప పడని లొత్త. అది కుర్చీకి ఎడమవైపు ఉంది.

ఆమెకు పాత జ్ఞాపకం ఒకటి కదిలింది. దాన్ని పక్కకు నెట్టి పైకి లేచింది.

బల్ల మీద ప్రతివాళ్ల ముందూ ఒక నీళ్ల సీసా. పొద్దున ఆరున్నరకు నింపి పెడతారట. ఇప్పుడు పదకొండున్నర దాటింది. సీసాలన్నీ మెడ దాకా నిండుగా ఉన్నాయి.

"ఎవరూ నీళ్లు తాగరా తల్లీ?"

మధ్యలో కూర్చున్న ఒకామె ఆపుకోలేకపోయింది. ఆమె పేరే ఇక్కడ గలగల.

"తాగితే వెళ్లాలి కదండీ! వెళ్లాలంటే లేవాలి. నాలుగొందలు లెక్కపెట్టి లేచామనుకోండి, వచ్చి మళ్లీ ఒకటీ రెండూ మూడూ. మధ్యలో లేస్తే మళ్లీ మొదటికే. సాయంత్రానికి కట్టలు తగ్గాయంటే వచ్చేసారి పిలవరు. గేటు బయట నలభై మంది కాచుకునున్నారు."

"ఒంట్లో బాగాలేకపోతే?"

"బాగాలేనివాళ్లను అసలే పిలవరు."

గేటు దగ్గర నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ తనిఖీ ఆవిడ దగ్గర డిటెక్టివ్ రాకపోకల పుస్తకం అడిగి తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని, వేలితో వరస వెంబడి చదివింది. ఎవరు ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి తిరిగొచ్చారు, ఏం తీసుకెళ్లారు. మొదటిరోజు పిచ్చుక నాలుగుసార్లు లేచింది. మూడోరోజు రెండుసార్లు. ఆరోరోజు పొద్దున ఆరున్నర నుంచి పదీ ముప్ఫై అయిదు దాకా అసలు లేవలేదు.

"నాలుగ్గంటలు కదలకుండా కూర్చుంది," అంది ఇన్‌స్పెక్టర్‌తో. "లేచి ఎన్ని అడుగులు వేసింది?"

"అడుగులా? అవెవరు లెక్కపెట్టారండీ!"

ఆమె కుర్చీ దగ్గర నుంచి గుమ్మం దాకా నడిచి చూసింది. "పన్నెండు. మీరు టీ తాగిన ముప్ఫై అయిదు నిమిషాలు చూస్తున్నారు. నేను లేచిన పన్నెండు అడుగులు చూస్తున్నాను. అయిదు రోజులు టీ ముట్టని పిల్ల నిన్న తాగింది. అందుకే లేవాల్సొచ్చింది బాబూ. టీ చేసింది ఆ ఒక్కటే."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "లేచి నడిస్తే మనుషులు చచ్చిపోతారా పిన్నిగారూ? ఇక నుంచి మంచం మీదే ఉంటాను."

"అన్ని కాళ్లూ కాదు. ఈ కాలు," అని ఆమె తెగిన పట్టీ చెప్పును బల్ల మీద పెట్టింది. "ఒక్క ఎడమ కాలే వాచింది. మిగతాది చెబుతాను, ముందు ఈ పుస్తకం చూడండి. 'ఏం తీసుకెళ్లారు' అన్న గడి. పదకొండు మంది, ఆరు రోజులు. ఏం రాసుంది?"

"ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. అన్నీ అవే. మంచిదేగా? కాగితాలు దాటించలేదని అర్థం."

"మీ ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరా బాబూ?"

"అదేం ప్రశ్న?"

"పదకొండు మంది ఆడవాళ్లు. ఆరు రోజులు. అందరూ వయసులో ఉన్నవాళ్లే. ఒక్కరంటే ఒక్కరు గుడ్డగానీ ప్యాడుగానీ తీసుకెళ్లలేదు. ఒక్కరికీ నెలసరి రాలేదు. ఇంట్లో నలుగురు ఆడవాళ్లుంటేనే నెలలో ఏ వారమూ ఖాళీ ఉండదే!"

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మూశాడు, తెరిచాడు, మళ్లీ అదే పేజీ చూశాడు.

"ఇది... ఇది మీ ఆడవాళ్ల విషయం. కేసుకు దీనికి..."

"ఇదే కేసు," అందామె. గలగల వైపు తిరిగింది. "చెప్పమ్మా. నువ్వు చెప్పకపోతే స్టేషన్‌లో ఉన్న టీ ఆవిడ చెయ్యని నేరం మొయ్యాలి."

గలగల ఒకసారి పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ గోడ చూస్తూనే ఉంది.

"వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తనిఖీ చేస్తారండీ," అంది గలగల. ఈసారి గొంతులో ఆ గలగల లేదు. "ప్యాడు కూడా విప్పి చూపించాలి, లోపల కాగితం పెట్టుకున్నామేమోనని. ఈవిడ తప్పు కాదు, రూలు. కిందటిసారి ఒకామె ఆ సిగ్గుకి రెండు రోజులు అన్నం తినలేదు. అందుకని ఈసారి పెద్దమ్మ మాత్రలు తెచ్చింది. ఎవరో చెప్పారట, లోపలికి వచ్చే మూడు రోజుల ముందు నుంచి వేసుకుంటే వెనక్కి జరుగుతుందని. అందరికీ తనే పంచింది. 'మీ పరువు నేను కాపాడతానే' అంది. మా మంచికే అండీ. ప్రేమతోనే."

తనిఖీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే పక్కనున్న ఆఫీసు గదిలో ల్యాండ్‌లైన్ మోగింది. ఇన్‌స్పెక్టర్‌కు, శవపరీక్ష చేసిన డాక్టర్ దగ్గర నుంచి.

"ఆ మాత్రల సంగతి డాక్టర్‌కు చెప్పండి," అంది డిటెక్టివ్. "ఎడమ కాలి సంగతి అడగండి. మరిచిపోకండి బాబూ, చేతి మీద రాసుకోండి."

ఆయన పన్నెండూ అయిదుకు వెళ్లాడు. పన్నెండూ పదమూడుకు వచ్చాడు. ఆ ఎనిమిది నిమిషాలూ గదిలో ఎవరూ ఒక్క కాగితం కూడా తిప్పలేదు. వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా అదే, లోపలి మనిషి మాత్రం కొంచెం కుదించుకుపోయినట్టున్నాడు.

"విషం జాడ ఏమీ లేదన్నాడు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే పెద్ద రక్తనాళంలో గడ్డ. వేలెడు పొడవు రక్తపు గడ్డ." కాగితం చూసి చదివాడు. "అది పుట్టింది అక్కడ కాదట. ఎడమ తుంటి లోపల. ఎడమ కాలి నుంచి చెడు రక్తం పైకి తెచ్చే సిర ఒకటుంటుందట. దాని మీదుగా కుడికాలికి వెళ్లే ధమని అడ్డంగా దాటుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ ధమని సిరను వెనక ఉన్న వెన్నెముకకేసి నొక్కేస్తుందట. ఈ పిల్లకు ఆ సిర నలిగి రిబ్బన్‌లా అయిపోయింది. చాలామందికి ఇలాగే ఉంటుందట, తెలియకుండానే నిండు నూరేళ్లూ బతికేస్తారట. కానీ..."

"కానీ గంటల తరబడి కదలకుండా కూర్చుంటే?" అంది డిటెక్టివ్.

"అవును. నీళ్లు తాగకపోతే. పైగా ఆ మాత్రలు. ఒక్కోటీ చిన్నదే, అన్నీ ఒకేచోట చేరాయి అన్నాడు." ఇన్‌స్పెక్టర్ కాగితం మడతపెట్టాడు. "ఇంకోటి అడిగాడు. పిక్క మీద బొటనవేళ్ల గుర్తులున్నాయట, నూనె వాసన ఉందట. ఆ కాలు ఎవరైనా గట్టిగా రుద్దారా అని. గడ్డ ఉన్న కాలిని రుద్దకూడదట. ఊడి పైకి పోవచ్చట. ఎవరు రుద్దారు?"

పది మందీ తలలు దించుకున్నారు. ఎవరు ఎందుకు దించుకున్నారో చెప్పడం కష్టం.

డిటెక్టివ్ పిచ్చుక కుర్చీలో కూర్చుంది. నిలబడి చెప్పగలిగే మాట కాదది.

"నేను ఆయాగా ఉన్న రోజుల్లో వార్డులో ఒక బాలింత ఉండేదమ్మా," అంది. "పదో రోజు. ఎడమ కాలు అరటిబోదెలా వాచింది. డాక్టర్ వచ్చేదాకా కదపొద్దని నర్సు చెప్పింది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, 'పిన్నీ, కాస్త పిసుకు, ప్రాణం లాగేస్తోంది' అంది. నాకు జాలేసింది. తలుపు దగ్గరగా వేసి కొబ్బరినూనె రాసి పావుగంట పిసికాను. ఎంత హాయిగా నిద్రపోయిందో! నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఊపిరాడక కొట్టుకుంటోంది. నేను రుద్దానని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. పద్దెనిమిదేళ్లైంది. ఈ చేతులకు ఇంకా నూనె జిడ్డు వదల్లేదు."

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. ఇంకెప్పుడూ ఎలుక ఊసెత్తడని ఆ చూపులో తెలిసింది.

"నిన్న ఎవరు రుద్దారో నాకు అక్కర్లేదు," అంది డిటెక్టివ్. "జాలితోనే రుద్దుంటారు. నాకు కావలసింది ఒక్కటే. ఒకే మాత్రలు, ఒకే బల్ల, నిండుగా ఉన్న సీసాలు. ఇంకెవరికైనా ఒక్క కాలు వాచిందా? బరువుగా ఉందా? రంగు మారిందా? వచ్చేసారి పిలవరేమోనని దాచకండి. పిలవడానికి మనిషి ఉండాలి కదా తల్లీ!"

అందరూ లేదన్నట్టు తలలూపారు. మరీ తొందరగా ఊపారు.

"మాట చాలదు. చూస్తాను. బాబూ, మీరు గుమ్మం బయట నిలబడండి. ఎవరినీ లేవనివ్వకండి."

పన్నెండూ ఇరవై. ఆమె బల్ల చివర నుంచి మొదలుపెట్టింది. పదో నంబరు. నేల మీద కూర్చుని, చీర అంచు మోకాలి దాకా జరిపి, రెండు పిక్కలూ కళ్లతోనే కొలిచింది. రుద్దకుండా, నొక్కకుండా, చేతి వెనకవైపు ఆనించి వేడి చూసింది. సమంగా ఉన్నాయి. తొమ్మిది. ఎనిమిది. ఏడో ఆమెకు రెండు పాదాలూ వాచాయి. "రెండూనా? ఇప్పటికి ఫరవాలేదు, సాయంత్రం డాక్టర్‌కు చూపించు." ఆరు గలగల. "నాకు నోరు తప్ప ఏదీ వాయదండీ," అని నవ్వబోయి ఏడ్చేసింది. అయిదు. నాలుగు. మూడు. రెండు. అందరూ బాగానే ఉన్నారు.

పన్నెండూ ఇరవై ఏడు. డిటెక్టివ్ బల్ల కాలు పట్టుకుని లేచింది. ఇంకా మిగిలింది ఒకటో నంబరు. పెద్దమ్మ.

కడుపులో పెట్టుకుని పెంచిన పిల్ల పోయి ఇరవై ఆరు గంటలైనా కాలేదు. తనవల్లే పోయిందని ఇప్పుడిప్పుడే అందరి నోటా విన్నది. అలాంటి మనిషిని కాళ్లు చూపించమని ఎలా అడగడం? కాసేపు పోనీ అనుకుంది. భోజనాలయ్యాక, పక్కకు తీసుకెళ్లి, నెమ్మదిగా.

గుమ్మం దగ్గరికి వచ్చి ఊపిరి పీల్చుకుంది. అంతలోనే చూపు చెప్పుల అర మీద పడింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. బతికున్న పది మందివి పది జతలు, చనిపోయిన పిల్లది ఒక జత, వెరసి పదకొండు ఉండాలి. పదే ఉన్నాయి. పైవరసలో మొదటి గడి ఖాళీ.

"ఒకటో నంబరు చెప్పులేవి?"

"పెద్దమ్మవా?" అంది తనిఖీ ఆవిడ. "పడుకునే హాల్లో మంచం కింద ఉన్నాయండీ. మొన్నటి నుంచీ వేసుకోవట్లేదు. ఉత్త కాళ్లతోనే తిరుగుతోంది. కొరుకుతున్నాయేమో అనుకున్నాను."

మొన్నటి నుంచి. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు అందరూ లేచినా లేవని మనిషి. బాధతో లేవలేదనుకుంది. మళ్లీ జాలే! పద్దెనిమిదేళ్ల కిందట ఈ జాలే కదా చేతులు నూనెలో ముంచింది!

గంట కొట్టింది. పన్నెండున్నర. గదిలో కుర్చీలు జరిగిన చప్పుడు.

డిటెక్టివ్ వెనక్కి తిరిగింది. బల్ల చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు. బల్ల మొదట్లో పెద్దమ్మ కూడా రెండు అరచేతులూ బల్లకు ఆనించి, పైకి లేవబోతోంది. ఇప్పుడామె గోడ చూడటం లేదు, గుమ్మం చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. కాగితాలు లెక్కపెట్టేటప్పుడు కదిలినట్టు. ఒకటి, రెండు, మూడు. తన కుర్చీ నుంచి గుమ్మం దాకా.

ఏం లెక్కపెడుతోందో డిటెక్టివ్‌కు అర్థమైంది. పిచ్చుక వేసిన అడుగులు.

"కూర్చో అక్కా!"

గొంతు చిరిగేలా అరిచింది. పరుగున వెళ్లి పెద్దమ్మ రెండు భుజాలూ పట్టుకుని, పసిపిల్లను దించినట్టు మెల్లగా కుర్చీలోకి దించింది. బల్ల కింద ఇంకో రీము కట్ట, దాని మీద ఇంకో లొత్త. ఇందాక పక్క కుర్చీ కింద తొంగిచూసినప్పుడు మరో రెండడుగులు జరిగి ఉంటే కనిపించేది. జరగలేదు.

చీర అంచు జరిపింది. కుడికాలు సన్నగా, నరాలు తేలి ఉంది. ఎడమ కాలు దానికి ఒకటిన్నర రెట్లు. చర్మం బిగిసి మెరుస్తోంది. మోకాలి కింద నేరేడుపండు రంగు.

"బాబూ, అంబులెన్సు!" అంది వెనక్కి చూడకుండా. "స్ట్రెచర్ తెమ్మనండి. నడిపించడం లేదని చెప్పండి. కాలి సిరలో గడ్డ అని చెప్పండి, మాత్రల సంగతి చెప్పండి."

"లోపలివాళ్లు బయటికి వెళ్లకూడదని రూలండీ..." తనిఖీ ఆవిడ నసిగింది.

"ఆ రూలు రాసినవాణ్ణి నా దగ్గరికి పంపు," అని ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఆఫీసు గదిలోకి పరుగెత్తాడు. ఫోను తిప్పుతూనే అక్కడి నుంచి అరిచాడు. "స్టేషన్‌కు కూడా చెబుతున్నాను పిన్నిగారూ, టీ ఆవిణ్ణి పంపించెయ్యమని!"

పెద్దమ్మ కాళ్ల దగ్గర డిటెక్టివ్ నేల మీద కూర్చుంది. ఆ కాలి మీద చెయ్యి వెయ్యాలని వేళ్లు లాగుతున్నాయి. రెండు చేతులూ తన ఒళ్లోనే గట్టిగా పట్టుకుంది.

"ఎప్పటి నుంచి అక్కా?"

పెద్దమ్మ చూపు గుమ్మం మీదే ఉంది.

"నీకు తెలిసే లేవబోయావు కదూ. డాక్టర్ చెప్పిందంతా విని."

ఆడవాళ్లు నిలబడినవాళ్లు నిలబడినట్టే ఉన్నారు. బయట ఎక్కడో ఇనుప తలుపు గడియ తీసిన చప్పుడు. ఫ్యాను గాలికి లెక్కపెట్టని కట్ట పైకాగితం లేస్తోంది, పడుతోంది.

"నాకూ అలాగే అనిపించింది," అంది డిటెక్టివ్. "ఆ బాలింతను తీసుకెళ్లాక, ఇంటికెళ్లి దూకేద్దామని మేడ ఎక్కాను. కింద మా అమ్మాయి బడి నుంచి వచ్చి, అమ్మా ఆకలి అని అరిచింది. దిగొచ్చాను. అప్పటి నుంచీ దాని గురించి భయపడుతూ బతుకుతున్నాను. భయపడటానికి కూడా బతికుండాలి అక్కా."

పావుగంట గడిచింది. స్ట్రెచర్ చక్రాలు నడవలో మలుపు తిరిగిన చప్పుడు దగ్గరైంది.

పెద్దమ్మ గొంతు కదిలింది. నిన్న పదీ యాభై తర్వాత మొదటిసారి. తుప్పుపట్టిన తాళం తిరిగినట్టు వచ్చింది మాట.

"నిన్న తెల్లవారుజామున మంచాల మీద ఎదురుబొదురుగా కూర్చున్నాం. దాని కాలు నేను రుద్దాను." ఊపిరి తీసుకుంది. "నా కాలు అది రుద్దింది. నాకన్నా గట్టిగా. 'నొప్పి పోయిందా పెద్దమ్మా' అని అడిగింది."

స్ట్రెచర్ గుమ్మం దాటింది.

"పోయిందని చెప్పాను," అంది పెద్దమ్మ. "నాకేమీ కాలేదు."